శుక్రవారం సాక్ష్యం

హైదరాబాదు,
14 జూన్ 1999.

మా ఇంటి ఏకైక ఆడబిడ్డ బేబీకి,

వదిన ఎవాంజెలిన్ రాస్తున్నది. ఇక్కడ మీ అన్నయ్య, నేను, మా ఇద్దరి బి.పి. మాత్రలు క్షేమం. నువ్వు ఎస్.టి.డి. బూత్ నుంచి మాత్రం ఇక ఫోన్ చెయ్యకు తల్లీ. కిందటిసారి నీ మోకాళ్ల నొప్పి గురించి చెబుతుంటే బూత్ వాడే మధ్యలో దూరి తైలం పేరు చెప్పాడు. ఇప్పుడు నేను రాయబోయేది వాడు వింటే బూత్ మూసుకుని పోతాడు.

సంగతేమిటంటే, నేను నర్సుగా చేస్తున్న కాన్సర్ పరిశోధన సంస్థకు ఢిల్లీ నుంచి డబ్బు వస్తోంది. మెలిక పెట్టి మరీ ఇస్తున్నారు. డబ్బున్న ఇంట్లో కాన్సర్ వస్తే తొందరగా బయటపడుతుంది, లేని ఇంట్లో అంతా అయిపోయాక బయటపడుతుంది. ఈ తేడా తగ్గాలంటే పెద్ద సంస్థ ఒక్కటే ఏసీ గదిలో కూర్చుంటే లాభం లేదు, ఎక్కడో ఒక చిన్న ఆసుపత్రితోనూ అక్కడి ఆడవాళ్లతోనూ చెయ్యి కలపాలి, కలిపితేనే డబ్బు అంటున్నారు. దానికి భాగస్వామ్యం అని పేరు. మా పెద్ద డాక్టరు హరిణిగారు, "బెంగుళూరు చుట్టుపక్కల పనికి పోయిన మన తెలుగు ఆడవాళ్లు బోలెడుమంది. అక్కడి ప్రభుత్వం చెప్పేది వాళ్లకు చేరదు, ఇక్కడి ప్రభుత్వానికి వాళ్లు కనబడరు. అక్కడ మీకెవరైనా తెలుసా సిస్టర్?" అని అడిగింది. "యలహంకలో మా ఆడబిడ్డ ఉంది. సగంమంది ఆమె మాట వింటారు, మిగతా సగం ఆమెకు భయపడతారు" అన్నాను. కాబట్టి నువ్విప్పుడు భాగస్వామివి.

పరీక్ష సులువు. గర్భసంచి మూతికి వెనిగర్ పూస్తారు. అవును, హోటల్లో నూడుల్స్ మీద పోసుకునేదే. ఒక్క నిమిషం ఆగితే, ముందు ముందు చెడే అవకాశం ఉన్నచోట తెల్ల మచ్చ పడుతుంది. మచ్చ అంటే కాన్సర్ కాదు, వదిలేస్తే ఏళ్ల మీద కావచ్చు. అప్పుడే ఒక మిషన్‌తో ఆ చోటును గడ్డకట్టేంత చల్లబరిస్తే పీడ విరగడైపోతుంది. కోత లేదు, కుట్లు లేవు. మచ్చ ఉన్నవాళ్లు నిజంగా వచ్చి వైద్యం చేయించుకున్నారని తేలితే ఆ మిషన్ మీ యలహంకలోనే ఉండిపోతుంది. రాకపోతే మూట కట్టి ఇంకో ఊరు తీసుకుపోతారు.

మీ గుడి వెనక ఉన్న చిన్న ఆసుపత్రి ఇస్తారేమో పాస్టరుగారిని అడిగి రాయి.

నీ వదిన,
ఎవాంజెలిన్

~

యలహంక,
18 జూలై 1999.

వదినా,

ప్రభువు పేరు తలుచుకుని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇందులో రాయబోయేవి ఆయన చదవకపోతేనే మా ఇద్దరికీ మర్యాద.

భాగస్వామ్యం అంటే ఏమిటో అర్థమైంది. పెళ్లికొడుకు మీవాడు, పందిరీ వంటా మావి. కిందటేడు ఎవరో పరిశోధన అని వచ్చి మా ఆడవాళ్ల రక్తం సీసాల్లో పట్టుకుపోయారు. దోమలైనా మళ్లీ మొహం చూపిస్తాయి, వాళ్లు చూపించలేదు. అయినా నువ్వు మాట ఇచ్చేశావు, ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, నీ పరువు నేను కాపాడకపోతే ఎవరు కాపాడతారు?

డానియల్ పాస్టరుగారు ఆసుపత్రి ఇచ్చారు. ఆదివారం ప్రకటన కూడా చేశారు. గర్భసంచి అనే మాట నోట రాక, "స్త్రీలకు సంబంధించిన ఒక... ఆశీర్వాదకరమైన... కార్యక్రమం" అని దగ్గి కూర్చున్నారు. కుట్టుమిషన్లు పంచుతున్నారనుకుని జనం విరగబడి వచ్చారు. తీరా బల్ల, గుడ్డ తెర, వెనిగర్ సీసా కనబడేసరికి ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. బెంగుళూరు బళేపేట బజారు నుంచి గాజులు తెచ్చి ఇంటింటికీ అమ్మే కదిరమ్మ మాత్రం బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందక్కా, మమ్మల్ని ఊరగాయ ఏస్తారా ఏమి?" అంది.

అందుకని ముందు నేనే బల్ల ఎక్కాను. నొప్పి లేదు, సిగ్గే. ఇంటికొచ్చి మా ఆయన జోగయ్యగారికి చెబితే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని "ఊఁ" అన్నారు. నాకు మచ్చ పడింది వదినా. చీర కట్టుకుంటుండగా చెప్పింది మీరు పంపిన నర్సు. ఎన్నిసార్లు పెట్టినా కుచ్చిళ్లు నిలవలేదు. ఇది పోతుందా, పోదా? ఉన్నదున్నట్టు రాయి.

ఈలోగా జనాన్ని రప్పించే ఉపాయం ఒకటి తట్టింది. మా శుక్రవారం స్త్రీల ప్రార్థనలో ఒక్కొక్కరూ లేచి తమకు జరిగిన మేలు సాక్ష్యంగా చెబుతారు. పరీక్ష సంగతి కూడా సాక్ష్యంలో చెప్పిస్తే సరి. పాస్టరుగారి దగ్గుకన్నా బాగా పనిచేస్తుంది.

నీ అర్ధమొగుడు,
బేబీ

~

హైదరాబాదు,
30 జూలై 1999.

బేబీ,

నీ ఉత్తరం చదివిన పరధ్యానంలో మీ అన్నయ్యకు టీలో ఉప్పు వేసి ఇచ్చాను. మారుమాట లేకుండా తాగేశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్నది అదొక్కటే.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. కొందరికి మచ్చ దానంతటదే పోతుంది. కొందరికి ముదురుతుంది. ఎవరిది పోతుందో, ఎవరిది ముదురుతుందో పైకి తెలియదు కాబట్టి అందరికీ చల్లబరుస్తాం. సెప్టెంబరులో మిషన్ వస్తుంది. అందరికంటే ముందు నువ్వు పడుకోవాలి. భయపడకు, నేను చెబుతున్నాను కదా.

సాక్ష్యాల ఉపాయం విని హరిణిగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇదీ భాగస్వామ్యమంటే!" అని అప్పటికప్పుడు ఢిల్లీకి రాసేసింది. వాళ్లూ భలే భలే అన్నారట. కాబట్టి ఆపకు, ఊదరగొట్టు. మా పెద్ద గుడిలో ఆ పద్ధతి లేదనుకో. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచారంటే అది బాత్రూముకే.

నీ మంచీ, నీ మచ్చకు చెడూ కోరే
వదిన

~

యలహంక,
19 సెప్టెంబరు 1999.

వదినా, స్తోత్రం స్తోత్రం!

హరిణిగారికి చెప్పు, ఢిల్లీకి కూడా చెప్పు. మొదటి శుక్రవారం నేను లేచి, నాకు మచ్చ ఉందన్నారని చెప్పాను. ఆడవాళ్లందరూ చుట్టూ మూగి, తల మీద చేతులు పెట్టి, ఉపవాసంతో ప్రార్థన చేశారు. ఒళ్లంతా చెమటలు పట్టి దూదిలా తేలికైపోయింది. మరుసటి శుక్రవారం లేచి, "ప్రభువు నన్ను స్వస్థపరిచాడు" అన్నాను. ఏం చప్పట్లు, ఏం చప్పట్లు! పాస్టరమ్మ ఏడ్చేసింది. ఆ దెబ్బతో పరీక్షకు వరస కట్టారు. హొసకోటె ఫ్యాక్టరీల నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. మచ్చ పడినవాళ్లంతా ఒక శుక్రవారం ప్రార్థన చేయించుకోవడం, పై శుక్రవారం నయమైందని సాక్ష్యం చెప్పడం.

తన మచ్చ కూడా పోయిందని కదిరమ్మ చెప్పింది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. శుక్రవారం మా దగ్గరికి వస్తుంది, శనివారం కదిరి నరసింహస్వామికి దండం పెడుతుంది. అడిగితే "ఎవురు పలికితే వాళ్లే నా దేవుడక్కా" అంటుంది. అయినా పుట్టు క్రైస్తవులకంటే బాగా చెప్పింది.

మిషన్ వచ్చింది. ఎవరూ రాలేదు. నయమైపోయినవాళ్లు ఎందుకొస్తారు? నాక్కూడా అవసరం లేదని నేనూ వెళ్లలేదు. మిషన్‌తో వచ్చిన డాక్టరమ్మ పొద్దుగూకేదాకా ఒక్కతే కూర్చుంది. ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని ఇడ్లీలు పంపాను. పోయేటప్పుడు మొహం మాడ్చుకుంది. చట్నీలో కారం ఎక్కువైందేమో కనుక్కో.

దానంతటదే పోతుందని నువ్వే రాశావు కదా వదినా. నీ మాటే నిజమైంది.

సంతోషంతో,
బేబీ

~

హైదరాబాదు,
27 సెప్టెంబరు 1999.

బేబమ్మగారికి,

చట్నీ బ్రహ్మాండంగా ఉందట. మిగతాదే మా కొంప ముంచింది.

ఓసి నీ అసాధ్యం కూలా! సాక్ష్యం అంటే "నొప్పి లేదు, రండమ్మా" అని చెబుతారనుకున్నానే. హరిణిగారూ అదే అనుకుంది. ఢిల్లీ వాళ్లూ అదే అనుకుని భలే అన్నారు. "కొందరికి" అని రాశాను, ఆ మాట నీ కంటికి ఆనలేదా? ఒళ్లు తేలికైందా? పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు ముట్టకపోతే ఎవరి ఒళ్లైనా తేలికవుతుంది. ఆ మచ్చకు నొప్పి లేదు, బరువు లేదు. ఉన్నప్పుడూ తెలియదు, పోయినప్పుడూ తెలియదు. మళ్లీ వెనిగర్ పూసి చూడకుండా పోయిందని చెప్పే హక్కు నీకూ లేదు, నాకూ లేదు, మీ పాస్టరుగారికి అసలే లేదు.

మిషన్ తిరిగి తెచ్చుకోమని ఢిల్లీ వాళ్లు రాశారు. హరిణిగారి కాళ్లావేళ్లా పడి డిసెంబరు దాకా ఆపించాను. మిషన్ పోతే పోయింది, నువ్వు పోతే? మీ అమ్మ దీంతోనే పోయింది. ఆఖరి రోజుల్లో ఆమె గదిలోకి మీ అన్నయ్య కూడా ముక్కు మూసుకోకుండా వెళ్లలేకపోయాడు. మంచం పక్కన ఉన్నది నువ్వూ నేనే. మరిచిపోయావా?

కోపంతో,
ఎవాంజెలిన్

~

యలహంక,
10 అక్టోబరు 1999.

ఎవాంజెలిన్ సిస్టరుగారికి,

మా అమ్మను లాగావు కాబట్టి నీకు ఇక జన్మలో ఉత్తరం రాయకూడదనుకున్నాను. రాస్తున్నానంటే, జోగయ్యగారితో పోట్లాడితే మజా ఉండదు కనక. ఆయన వెంటనే ఒప్పేసుకుంటారు.

మా ప్రార్థన మీ ప్రాజెక్టుకు పనికొచ్చినన్నాళ్లూ భలే భలే. అడ్డమొచ్చేసరికి బేబీకి బుద్ధి లేదు. బాగుంది మీ భాగస్వామ్యం. జనాన్ని తెమ్మన్నారు, తెచ్చాను. వాళ్లు ఎలా వస్తారో, వచ్చి ఏమంటారో మీలో ఒక్కరైనా వచ్చి చూశారా? ఒక్క శుక్రవారం మా చాప మీద కూర్చున్నారా?

ఇప్పుడు ఏ మొహంతో ఆ బల్ల ఎక్కేది? ఎక్కితే "బేబక్క అబద్ధం చెప్పింది" అంటారు. లేకపోతే "బేబక్కకే విశ్వాసం చాల్లేదు" అంటారు. రెంటిలో ఏది నయమో నువ్వే చెప్పు. మొన్న సంతలో ఎవరో ముసలామె నన్ను చూపించి, మనవరాలికి "ఆయమ్మకే దేవుడు తగ్గిచ్చినాడు" అని చెబుతోంది. కూరగాయల సంచి అక్కడే మరిచి వచ్చేశాను.

భయం లేదనుకున్నావా నాకు? స్నానాలగదిలోకి వెళ్లినప్పుడల్లా అమ్మ గది వాసన వస్తోంది. మరిచిపోతానా వదినా.

బేబీ

~

హైదరాబాదు,
22 అక్టోబరు 1999.

బేబీ,

చాప మాట నిజమే. అది చదివి హరిణిగారికి కూడా వినిపించాను. ఆవిడ కళ్లు దించుకుంది.

ఇప్పుడు ప్రాజెక్టు గంగలో కలవనీ. నీకొక దారి చెబుతాను. మీ అన్నయ్య పుట్టినరోజు అని చెప్పి బయల్దేరి వచ్చెయ్యి. ఆయనకు పుట్టినరోజు ఎప్పుడో ఆయనకే తెలియదు, మీవాళ్లకేం తెలుస్తుంది? ఇక్కడ నా చేతుల మీద వైద్యం అయిపోతుంది. వారం కూర్చుని, నా వంటకు వంకలు పెట్టి వెళ్లు. అక్కడ ఎవరికీ తెలియదు. నీ సాక్ష్యం నీకుంటుంది, నీ గర్భసంచీ నీకుంటుంది.

నువ్వు లేకుండా నేను ఎవరితో పోట్లాడను? రావే.

వదిన

~

యలహంక,
28 నవంబరు 1999.

వదినా,

నేను రాలేదని స్టేషన్లో అన్నయ్య నిలబడి నిలబడి తిట్టుకుని ఉంటాడు. బట్టలు సర్దుకున్న మాట నిజం. అన్నయ్యకు స్వెట్టరు కూడా కొన్నాను.

బయల్దేరే ముందు కదిరమ్మ గాజుల బుట్టతో వచ్చింది. పుట్టింటివాళ్ల దగ్గరికి బోసి చేతులతో పోకూడదని నాకు గాజులు తొడుగుతూ కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. ఏమిటే అంటే, "ఏంలేదక్కా. ఎప్పుడో నిలిచిపోయిన ముట్టు మళ్లా కనపడతా ఉండాది. సుమ్నే, ఊరికే వేడి చేసుంటాది" అంది. డాక్టరుకు చూపించుకోమన్నాను. నవ్వింది. "నీకు తగ్గిపాయె కదక్కా. నీకు తగ్గిచ్చినోడు నాకు తగ్గియ్యడా? నువ్వు నిలబడి చెప్తివే, అది చూసే నాకు ధైర్యం."

నా చెయ్యి ఆమె చేతిలో ఉంది, లాక్కోలేకపోయాను. వదినా, నేను నీ దగ్గరికి దొంగచాటుగా వచ్చి బాగుపడి పోతాను. తిరిగొచ్చి దుక్కలా తిరుగుతుంటాను. నన్ను చూసుకుని కదిరమ్మ చస్తుంది. ఇది ఎలా చేసేది?

ప్రయాణం మానేశాను. శుక్రవారం లేచాను. "స్వస్థపరిచాడని ఇక్కడే నిలబడి చెప్పినాను. అది నా నోరు చెప్పింది, దేవుడు చెప్పలేదు. నయమైందో లేదో నాకు తెలియదు. రేపు పోయి ఆ మిషన్ కింద పండుకుంటా ఉండాను. నన్ను చూసి సాక్ష్యం చెప్పినవాళ్లు నాతో రండి" అన్నాను. నీతో పోట్లాడేటప్పుడు వచ్చే గొంతులో సగం కూడా రాలేదు.

దీవెన చెప్పడానికి వచ్చి కూర్చున్న పాస్టరుగారు, "బేబమ్మా, విశ్వాసంలో వెనకడుగు వెయ్యకూడదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "అయ్యగారూ, ఆ కళ్లజోడు తీసేసి ఒక్క కీర్తన చదివి వినిపించండి" అన్నాను. పాస్టరమ్మ ఫక్కున నవ్వింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఆటో ఖర్చు సంఘం పెట్టుకుంటుంది" అన్నారు. మంచివాడే, కాకపోతే ఎవరైనా గుర్తు చెయ్యాలి.

మర్నాడు మీ డాక్టరమ్మ ముందే అనుకున్న ప్రకారం మిషన్ దగ్గరికి మళ్లీ వచ్చింది. నేనే ముందు పడుకున్నాను. అది బుస్సుమంది, పొత్తికడుపు మెలిపెట్టింది, అంతే. ఇంతోటి దానికా ఈ రామాయణమంతా! అందరూ రాలేదు గానీ, చాలామంది వచ్చారు.

కదిరమ్మ వంతు వచ్చేసరికి డాక్టరమ్మ మిషన్ ఆన్ చెయ్యలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఇది ఆ మిషన్‌తో పోయేది కాదట, పెద్ద వైద్యం కావాలట. దానికి మీ ప్రాజెక్టులో డబ్బు లేదట. పాము ఎక్కడుందో చూపించడానికి డబ్బిచ్చిన ఢిల్లీ వాళ్లు కర్రకు ఇవ్వలేదా వదినా? కదిరమ్మనూ వాళ్లాయన అశ్వత్థప్పనూ నీ దగ్గరికి పంపుతున్నాను. ఇప్పుడు పందిరీ వంటా నీవి.

ఒక్కటి రాయి. సెప్టెంబరులో మిషన్ వచ్చిననాడే కదిరమ్మ వెళ్లి ఉంటే? ఉన్నదున్నట్టు రాయి.

బేబీ

~

హైదరాబాదు,
15 డిసెంబరు 1999.

బేబీ,

నీ కదిరమ్మ మా ఇంటికి వచ్చి నన్ను అతిథిని చేసేసింది. నా పోపులో జీలకర్ర ఎక్కువట. కరెంటు పెట్టించుకోవడానికి, అంటే రేడియేషన్‌కు, వెళ్లే వార్డులో నర్సులందరికీ గాజులు అమ్మేసింది. హరిణిగారి చెయ్యి పట్టుకుని, "ఇంత సదువుకొని ఈ బోసి చేతులేందమ్మా" అని డజను తొడిగింది. ఆవిడ అవి చప్పుడు చేసుకుంటూ రౌండ్లకు తిరుగుతోంది. మా సంస్థలో పేదల కోసం ఉన్న మంచం ఒకటి ఇప్పించింది కూడా ఆవిడే. నీ పాము, కర్ర మాట ఢిల్లీకి అలాగే రాసింది. దానికింకా జవాబు రాలేదు. మిషన్ మాత్రం యలహంకలోనే ఉంటుందని కాగితం వచ్చింది. వచ్చే నెల నుంచి హరిణిగారు మీ చాప మీద కూర్చోవడానికి వస్తుందట. మంచి చాప వెయ్యి.

నువ్వు అడిగినదానికి జవాబు రాయకుండా దాటేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. సెప్టెంబరుకే అది మిషన్‌కు లొంగే స్థితి దాటిపోయి ఉంటుందన్నారు డాక్టర్లు. కానీ ఇంత పాకి ఉండేది కాదు. ఆ ఆలస్యంలో నీ వాటా ఉంది బేబీ. ఊదరగొట్టమని రాసిన నా వాటా ఉంది. చూడకుండా భలే అన్నవాళ్ల వాటా ఉంది. నువ్వు లేచి నిలబడకపోతే ఆమె అసలు ఇక్కడికి వచ్చేదే కాదు, అదీ నిజమే. బతుకుతుందని డాక్టర్లు అనడం లేదు, బతకదనీ అనడం లేదు.

ఆమెకు ఇదంతా చెప్పాను. "శుక్రవారం నా పేరు ఎత్తమను అక్కను" అంది.

వదిన

~

యలహంక,
8 జనవరి 2000.

వదినా,

లోకం నిలిచే ఉంది. డిసెంబరుతో అంతా అంతమని బోధించిన పక్క సంఘం ఆయన జనవరి నుంచి హాలు అద్దెకు అడ్వాన్సు కట్టాడట. జోగయ్యగారు ఆ వార్త చెప్పి, పెళ్లయ్యాక మొదటిసారి పగలబడి నవ్వారు. నన్ను మళ్లీ చూడటానికి రమ్మన్నారు డాక్టర్లు. వెళతాను.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు పొయ్యి వెలిగించలేదు. నిజం రాసినందుకు కోపం లేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

నిన్న శుక్రవారం లేచాను. మా సంఘంలో లేచినవాళ్లెప్పుడూ నయమైందనే చెబుతారు. నయం కానివాళ్లు కూర్చునే ఉంటారు. అందుకే నేను లేవగానే కొందరు చప్పట్లకు చేతులెత్తారు. "కదిరమ్మకు ఇంకా నయం కాలేదు. ప్రార్థన చేయండి" అన్నాను. అంతే, కూర్చున్నాను. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

కాసేపటికి వెనక వరసలో హొసకోటె నుంచి వచ్చే ఎల్లమ్మ లేచింది. మిషన్ దగ్గరికి రానివాళ్లలో ఆమె ఒకతి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకూ కాలేదక్కా. అందురూ చెప్తా ఉంటే నేనూ చెప్తి" అంది.

ఆమె పక్కన ఇంకొకామె లేచింది.

నీ ఆడబిడ్డ,
బేబీ